యెఫ్తా కథ చెప్పిన ఆదివారం

పోయిన ఆదివారం మా మనవరాలు సండేస్కూలు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నేరుగా వంటగదిలోకి వచ్చింది. "అమ్మమ్మా, యిప్తహ్ కౌన్ థా? భయ్యా నే ఉస్ కా కార్డ్ ఛోడ్ దియా" అంది. యిప్తహ్ ఎవరు, అన్నయ్య అతని కార్డు వదిలేశాడు అని. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. భయ్యా అంటే గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతూ, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి జనక్‌పురి దాకా వచ్చి మా తెలుగు క్రైస్తవ సహవాసంలో పిల్లలకు పాఠం చెప్పే అబ్బాయి. రాజులు రాకముందు ఇశ్రాయేలు గోత్రాలను నడిపించిన న్యాయాధిపతులందరికీ రంగుల కార్డులు తయారుచేసి తెచ్చాడట. ఒక్క కార్డు మాత్రం చేతిలోకి తీసుకుని, ఒక క్షణం చూసి, అన్నిటికీ అడుగున పెట్టేశాడట. హిందీలో యిప్తహ్. మనకు యెఫ్తా.

"చెప్తాలే, ముందు కాళ్ళు కడుక్కో" అన్నాను. అది కాళ్ళు కడుక్కుని టీవీ ముందు కూర్చుని ఆ సంగతే మరిచిపోయింది. నేను మాత్రం పొయ్యి మీద పప్పు అడుగంటుతున్నా చూసుకోలేదు. నా చిన్నప్పుడు మాకు పాఠం చెప్పే ఆవిడ కూడా ఆ కథను దాటేసేది. ఆమె ఎందుకు దాటేసేదో, చివరికి ఎందుకు చెప్పవలసి వచ్చిందో ఇప్పుడు చెప్పగలిగినవాళ్ళు పెద్దగా మిగల్లేదు.

అప్పుడు మేము ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉండేవాళ్ళం. నాన్న సుబేదారు. పసుపు సున్నం వేసిన క్వార్టర్లు వరుసగా ఉండేవి. ఒక్కో ఇంటి ముందు నాలుగు మంచాలు పట్టేంత ముంగిలి. పొద్దున లేవగానే బూట్ పాలిష్ వాసన, బెల్టు బిళ్ళలు తోమే మందు వాసన, గంజి పెట్టిన యూనిఫారం మీద ఇస్త్రీపెట్టె వేడి వాసన. పక్కింటి పంజాబీ ఆంటీ ఆవనూనె కాగబెడితే మా ఇంట్లో అందరికీ తుమ్ములొచ్చేవి. చలికాలం సాయంత్రాలు అంగీఠీల్లో బొగ్గులు రాజేసి గుమ్మాల ముందు పెట్టేవారు. ఆ పొగ మా స్వెట్టర్లలో హోలీ వెళ్ళేదాకా ఉండేది. తెలుగువాళ్ళలో ఎవరైనా సెలవు మీద ఊరు వెళ్ళి తిరిగొచ్చారంటే, వాళ్ళ ట్రంకుపెట్టె తెరిచేటప్పుడు మేమంతా చుట్టూ మూగేవాళ్ళం. బట్టల మధ్య నుంచి గోంగూర పచ్చడి జాడీ బయటికొచ్చేది. ఇంటింటికీ గరిటెడు పంచేవారు. ఆ రోజు వరుసంతా ఒకటే కూర.

మా ఎదురు వరుసలో హవల్దారు అంకుల్ కుటుంబం ఉండేది. కర్నూలు వైపువాళ్ళు. వాళ్ళమ్మాయి నా ఈడుదే, ఒక్కతే కూతురు. ఇంట్లో చిట్టి అనేవారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. చిట్టి వాళ్ళమ్మ మాకు కథల ఆంటీ. పెద్ద చదువు లేదు. కానీ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ ముంగిట్లో ఎండపొడలో జంపఖానా పరిచి, బైబిలు ఒళ్ళో పెట్టుకుని ఆమె కథ మొదలుపెడితే, గాలిపటాలు ఎగరేసే మగపిల్లలు కూడా దారాలు చుట్టేసి వచ్చి కూర్చునేవారు. కథ అయ్యాక బొరుగులు నానబెట్టి తాలింపేసిన ఉగ్గాని పెట్టేది. కథ కోసం వచ్చేవాళ్ళెందరో ఉగ్గాని కోసం వచ్చేవాళ్ళెందరో ఆమెకూ తెలుసు.

ఆ చలికాలం న్యాయాధిపతుల కథలు పట్టుకుంది. "జడ్జి అంటే నల్లకోటు ఏసుకుని కోర్టులో కూచునేటోడు అనుకుంటాండారా? కాదబ్బా. రాజులు కూడా కాదు. కిరీటం లేదు, కోట లేదు. ఆపద వచ్చినప్పుడు ఆ గోత్రంలోనుంచి లేచి నిలబడిన మనిషి. ఆపద తీరితే మళ్ళా వాని పొలం వానిది, వాని గొడ్లు వానివి" అని చెప్పింది.

దెబోరా ఖర్జూర చెట్టు కింద కూర్చుని తగువులు తీర్చేదంటే, మాకు క్యాంటీన్ వెనకున్న ఈతచెట్టే కనిపించేది. ఏహూదు ఎడమచేతివాటం మనిషని విని, మా జట్టులో ఎడమచేత్తో తిని తిట్లు తినేవాడు ఆ వారమంతా తలెత్తుకుని తిరిగాడు. గిద్యోను శత్రువులు చూస్తారని భయపడి ద్రాక్షగానుగ చాటున దాక్కుని గోధుమలు కొట్టుకునేవాడని చెప్పినప్పుడు నేనడిగాను.

"అంత పిరికివాణ్ణి లీడర్ ఎందుకు చేశారాంటీ?"

"నువ్వు వాళ్ళను బొమ్మల్లోని వీరులనుకుంటాండావు పాపా. వాళ్ళు మీ నాయన మాదిరి, మా ఆయన మాదిరి మనుషులు. మంచి చేసినారు, తప్పు చేసినారు. వాళ్ళు చేసినవన్నీ మనం చెయ్యాలని రాసిపెట్టలేదు. వాళ్ళు ఏమి చేసినారో మనం చూడాలని రాసిపెట్టినారు" అంది ఆంటీ.

ఒక గోత్రంవాళ్ళు ఇంకో గోత్రంవాళ్ళను రేవు దగ్గర ఆపి, ఒక మాట పలకమని, పలకలేనివాణ్ణి శత్రువని పట్టేసుకున్న కథ విన్నాక మాకు కొత్త ఆట దొరికింది. క్యాంటీన్ గేటు దగ్గర నిలబడి వచ్చే ప్రతి తెలుగు పిల్లాణ్ణీ ఆపేవాళ్ళం. "'కళ్ళు' అను." ఢిల్లీలోనే పుట్టినవాళ్ళు "కల్లు" అనేవాళ్ళు. "కల్లు తాగుతావుట్రా? నీ తల తీసేశాం, పో!" అని జేబులో రేగుపళ్ళు లాక్కునేవాళ్ళం. చిట్టి మాత్రం పాపం అనిపించి, లాక్కున్నవాటిలో సగం మళ్ళీ వాళ్ళ జేబులో వేసేది.

ఆ రేవు కథలో నాయకుడు యెఫ్తా. ఆంటీ అతని పేరు చెప్పి ఊరుకునేది. ముందు పేజీలో ఏముందని చిట్టి అడిగితే, "అది పెద్దోళ్ళ కథ" అని రెండు పేజీలు కలిపి తిప్పేసేది.

అంకుల్ అప్పుడు ఇంట్లో లేడు. మంచు కొండల్లో సరిహద్దు పోస్టులో ఉన్నాడు. చలి ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మేము స్కూలు నుంచి వచ్చేసరికి చిట్టి వాళ్ళింటి ముందు జీపు ఆగి ఉంది. మా అమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు. జీపులో వచ్చినవాళ్ళు, పోస్టు మీద మంచు విరిగిపడింది, మనుషులు కింద ఉన్నారు, వెతుకుతున్నారు అని చెప్పి వెళ్ళారు. ఆ మాట తప్ప మరో కబురు లేదు.

ఆ రోజుల్లో ఆంటీ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు ఎవరూ. ఒక పూట మా ఇంటి నుంచి అన్నం, ఒక పూట పంజాబీ ఆంటీ రొట్టెలు. ఆదివారం వస్తే పాఠం ఉండదనుకున్నాం. ఆంటీ జంపఖానా పరిచింది. గొంతు బొంగురుపోయి ఉంది. మధ్యమధ్యలో గేటు వైపు చూసేది. చిట్టి స్కూలు సాక్సులతోనే మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకునేది. కళ్ళు తెరిస్తే ఏదో పోతుందన్నట్టు.

అంకుల్ బతికే ఉన్నాడు. మంచు తవ్వి తీశారు. కూడా ఉన్నవాళ్ళు దక్కలేదు. ఆస్పత్రిలో చాలాకాలం ఉంచి, ఒక పాదం వేళ్ళు తీసేసి, ఎండలు మొదలవుతుండగా ఇంటికి పంపారు. కర్ర ఊతంతో గేటు దాకా వచ్చిన మనిషిని చూసి ముందు పరుగెత్తింది చిట్టే. ఆయన దాన్ని ఎత్తుకోలేదు. తల మీద చెయ్యి పెట్టి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాలి నొప్పి అనుకున్నాం అందరం.

తరువాతి ఆదివారం వాళ్ళింట్లో కృతజ్ఞతా కూడిక. తెలుగు కుటుంబాలన్నీ వచ్చాయి. పలావు మసాలా, మల్లెపూలు, తడిపిన వట్టివేళ్ళ తెరల వాసన అన్నీ కలిసి ఇల్లంతా పండుగలా ఉంది. మా నాన్న పెద్దమనిషిగా ప్రార్థన చేశాడు. పాటలయ్యాక అంకుల్ గోడ పట్టుకుని లేచాడు.

"మంచు కింద చెయ్యి కదల్లేదు, కాలు కదల్లేదు. పక్కనోడు కొంతసేపు నన్ను పిలిచినాడు. తర్వాత పిలవలేదు. అప్పుడు మ్రొక్కుకున్నా. నన్ను నా ఇంటికి చేరిస్తే నా బిడ్డను నీకిచ్చేస్తా ప్రభువా, పెళ్ళీ సంసారం లేకుండా నీ సేవలోనే ఉంటాదని. ఆయన నన్ను చేర్చినాడు. సెలవుల్లో పాపను మనవైపు మిషన్ హాస్టల్లో అప్పగించి వస్తా."

అలవాటు కొద్దీ అందరూ "ఆమేన్" అన్నారు. అన్నాక గాని అన్నదేమిటో ఎవరికీ తట్టలేదు.

వంటింట్లో మూత కిందపడిన చప్పుడైంది. ఆంటీ గరిటె చేత్తోనే బయటికొచ్చింది. ఆమెకూ ఆ మాట అప్పుడే తెలిసింది.

"ఎవరినడిగి ఇచ్చినావు?" అంది.

"అక్కడ ఎవరినడిగేది?" అన్నాడు అంకుల్. కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు. "మంచునా?"

చిట్టి నిమ్మకాయ నీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయింది. దాని చూపు వాళ్ళ నాన్న కట్టు కట్టిన పాదం మీద ఉంది.

మర్నాడు నీళ్ళట్యాంకు వెనక దాన్ని పట్టుకున్నాను. "నేను పోనని చెప్పవే. ఏడువ్. అన్నం మానెయ్" అన్నాను. నాకు తెలిసిన ఆయుధాలవే.

"నాన్న బతికొచ్చినాడు కదే" అంది. తర్వాత చాలా మెల్లగా, "నేను పోనంటే దేవుడు నాన్నను మళ్ళా తీసుకుంటాడేమో" అంది.

ఆ భయం దాని మనసులో ఎవరు వేశారో తెలియదు. ఎవరూ వేయలేదేమో. ఆ మ్రొక్కుబడి విన్న ఏ పిల్లకైనా అదే తోస్తుంది. అది వాళ్ళ నాన్నను అడిగింది ఒక్కటే, సెలవులు పూర్తయ్యేదాకా మాతో ఉండనివ్వమని. ఆయన సరేనన్నాడు.

ఆ సెలవుల్లో మేము ఇల్లు పట్టి ఉండలేదు. కంటోన్మెంట్ వెనక రిడ్జ్ అని తుమ్మచెట్లూ రాళ్ళూ ఉన్న అడవి. వెళ్ళొద్దని పెద్దవాళ్ళు రోజూ చెప్పేవారు, ఆ వేసవిలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆడపిల్లలం అయిదారుగురం ఎండ పడకముందే వెళ్ళేవాళ్ళం. నెమలీకలు ఏరేవాళ్ళం. దోవలో రాలిన నేరేడుపళ్ళు తిని నాలుకలు చూపించుకునేవాళ్ళం. ఒకరోజు ఒక పిల్ల పెళ్ళాట ఆడదామంది. చిట్టిని బండరాయి మీద కూర్చోబెట్టి ఎర్ర చున్నీ తల మీద కప్పాం. అది నవ్వుతూనే కూర్చుంది. నవ్వుతూనే చున్నీ తీసి నా తల మీద వేసింది. "నువ్వు అవ్వు. నాకు కుదరదు కదా" అంది. అంతే, ముందు ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అందరం ఏడ్చాం. పెళ్ళంటే ఏమిటో సరిగా తెలియని వయసు. అయినా ఏడ్చాం. మా ఏడుపు విన్నట్టు దూరంగా నెమలి ఒకటి అరిచింది, భయమేసి పరుగెత్తుకుంటూ ఇళ్ళకొచ్చాం.

ఇంట్లో అమ్మ నాన్నను వదల్లేదు. "మీరంటే గౌరవం అతనికి. మీరొక్కమాట చెప్తే వింటాడు. చిన్నపిల్లండీ" అంది.

"మ్రొక్కుకున్నది అతను, విన్నది దేవుడు. మధ్యలో మనమెవరం?" అన్నాడు నాన్న. అన్నాడే గాని, ఆ సాయంత్రం బూట్లు తొడుక్కున్నాడు. లేసులు కట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడి ఎదురు వరుస వైపు చాలాసేపు చూశాడు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. నాన్న మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చుని బూట్లు విప్పేశాడు. యుద్ధం చూసిన మనిషి. ఎదురింటికి నడవలేకపోయాడు.

చిట్టి వెళ్ళేముందు వచ్చిన ఆదివారం ఆంటీ మామూలుగానే జంపఖానా పరిచింది. కానీ ఈసారి పిల్లలతో పాటు పెద్దవాళ్ళను కూడా రమ్మని కబురు పెట్టింది. మగవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని గోడ వారగా కూర్చున్నారు. అంకుల్ గుమ్మంలో కూర్చున్నాడు, కర్ర పక్కన పెట్టుకుని. ఆంటీ బైబిలు తెరవలేదు.

"యెఫ్తా కథ చెప్తా" అంది.

"యెఫ్తాను అన్నదమ్ములు ఇంట్లోనుంచి ఎళ్ళగొట్టినారు. నీ తల్లి వేరే, నీకు ఆస్తి లేదు పొమ్మన్నారు. ఊరి పెద్దలు చూస్తా ఊరుకున్నారు. కొంతకాలానికి శత్రువు మీద పడినాడు. అప్పుడు అదే పెద్దలు అంత దూరం నడుచుకుంటా పోయి, నాయనా, నువ్వే రావాల, నువ్వే మాకు అధిపతివి అని కాళ్ళావేళ్ళా పడినారు. ఆయన వచ్చినాడు. యుద్ధానికి పోతా మ్రొక్కుకున్నాడు. నన్ను గెలిపిస్తే, తిరిగొచ్చేటప్పుడు నా గడపలోనుంచి ఏది ఎదురొస్తే దాన్ని నీకు బలి ఇస్తానని. దేవుడు అడిగినాడా? అడగలేదు. గెలిచినాడు. ఇంటికొచ్చినాడు. తంబుర కొట్టుకుంటా, ఎగురుకుంటా ఎదురొచ్చింది కూతురు. ఒక్కతే కూతురు."

అప్పటికి పిల్లలం కూడా కదలడం మానేశాం. ఆంటీ మొహం మా వైపు లేదు, కుర్చీల వైపు ఉంది.

"చెలికత్తెలతో కొండల్లో తిరిగి, తనకు పెళ్ళి లేదని ఏడ్చొస్తానని ఆ పిల్ల అడిగితే రెండు నెలలు గడువిచ్చినాడు, ఆ తర్వాత మ్రొక్కు చెల్లించినాడు. నేను ఎన్నోసార్లు చదువుకున్నా, నాకు ఒకటే తెలియట్లేదు. రెండు నెలలు అంటే తక్కువ కాదు. గోత్రంలో పెద్దలుండారు. యాజకులుండారు. వాళ్ళకు అవసరం పడినప్పుడు అందరూ నడిచిపోయినారు కదా యెఫ్తా ఇంటికి. ఆ పిల్ల కోసం ఒక్కరంటే ఒక్కరు నడవలేదు. వద్దు నాయనా అని ఒక్కరు చెప్పలేదు. ఎందుకు?"

  మా నాన్న తన అరచేతులు చూసుకుంటున్నాడు. అంకుల్ లేచి, కర్ర మరిచిపోయి, గోడ పట్టుకుని కుంటుతూ లోపలికి వెళ్ళిపోయాడు.

"నా కథ అయిపోయింది" అంది ఆంటీ. లోపలికెళ్ళి ఉగ్గాని తెచ్చి అందరికీ పెట్టింది. పెద్దవాళ్ళు కూడా వద్దనలేక తిన్నారు.

అయినా చిట్టి వెళ్ళింది. ఆ వారంలోనే తండ్రీ కూతురూ రైలెక్కారు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనుకోకూడదు. బండి దగ్గర దాని జడ రిబ్బను ఊడిపోతే, కర్ర చంకలో ఇరికించుకుని, తనే ముడి వేశాడు. సరిగా పడలేదు. మళ్ళీ వేశాడు. ఆంటీ స్టేషన్‌కు రాలేదు. ఆమె ఆ తర్వాత పాఠం చెప్పలేదు. కొన్ని ఆదివారాలు మేము అలవాటుగా వెళ్ళి ఆ ముంగిట్లో నిలబడేవాళ్ళం. ఆంటీ బయటికొచ్చి, "ఇళ్ళకు పోండి నాయనా, ఎండ" అనేది.

అందరికీ బదిలీలయ్యాయి. ఆ పసుపు క్వార్టర్లు కొట్టేసి ఎత్తైన ఫ్లాట్లు కట్టారని విన్నాను. అంకుల్ ఉద్యోగం అయ్యాక ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పనికి కుదిరి అక్కడే ఉండిపోయాడు. నాకు పెళ్ళై, పిల్లలు పుట్టాక అప్పుడప్పుడు ఆంటీని చూసి వచ్చేదాన్ని. అంకుల్ పోయిన తర్వాత ఒకసారి ఆమె చెప్పింది.

"మీ అంకుల్ ముసలితనంలో ఊరికి పోయినాడు చిట్టిని తీసుకొస్తానని. నాకు కూడా చెప్పకుండా పోయినాడు. తప్పు చేసినాను పాపా, ఇంటికి రా అన్నాడంట. అది అప్పటికి అక్కడ మిషన్ ఆస్పత్రిలో పసిబిడ్డల వార్డు చూసుకుంటాండె. ఇచ్చేసినావు కదా నాన్నా, ఇచ్చినదాన్ని మళ్ళా ఎట్ల తీసుకుంటావు అందంట. కోపంగా కాదంట, నవ్వుతానే అందంట. ఒక్కడే తిరిగొచ్చినాడు. ఆ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మంచు కింద నుంచి లేచి వచ్చినాడు కాని, అక్కడి నుంచి లేవలేదు."

ఆంటీ పోయినప్పుడు చిట్టి వచ్చింది. ఫరీదాబాద్ సమాధుల తోటలో చూశాను, తెల్లచీర, దాదాపు తెల్లబడిన జుట్టు. నన్ను చూడగానే గుర్తుపట్టింది. సమాధి కార్యక్రమం జరుగుతున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు, ఏడవలేదు కూడా. ఆ సాయంత్రమే తిరుగు ప్రయాణం. స్టేషన్ దాకా నేనే దిగబెట్టాను.

ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ అడిగాను. "కోపం లేదా నీకు?"

"ఉండేది. ఎవరి మీదో తెలిసేది కాదు. నాన్న మీద తెచ్చుకుందామంటే మంచు కింద పడున్న మనిషి కనిపిస్తాడు. దేవుని మీద అంటే ఆయన అడగనే లేదని అమ్మ చెప్పింది కదా. పెద్దోళ్ళ మీద అంటే వాళ్ళంతా నన్ను ఎత్తుకుని తిప్పినోళ్ళే." టీ గ్లాసు ఖాళీ చేసి బెంచీ మీద పెట్టింది. "అక్కడ బిడ్డలుండారు. వాళ్ళతో పొద్దుపోతాది. కాని ఎవరిదైనా పెళ్ళికి పిలిస్తే మాత్రం పోను."

  రైలొచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. నేను కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. బండి కదిలాక నా వైపు చెయ్యి ఊపుతుందనుకున్నాను. ఎదురు సీటులో ఎవరిదో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. చిట్టి అటు తిరిగి, ఆ తల్లిని ఏదో అడిగి, రెండు చేతులూ చాపి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. ఆ బిడ్డ ఏడుపు మానిందో లేదో చూసేలోపే ఆ పెట్టె నన్ను దాటి వెళ్ళిపోయింది.